బాక్టీరియా పొరపై పెప్టైడుల పని: కోళ్ల పెంపకందారునకు ఒక పాఠము

"అయ్యా, నా డబ్బుతో కొన్న మందును నా కోళ్ల దాణాలో నేను కలుపుకొన్నచో ఊరికి వచ్చిన నష్టమేమి?"

కోళ్ల పెంపకందారుల సమావేశములలో ఈ ప్రశ్న తరచు వినబడుచుండును. తన ఖర్చును, తన లాభమును లెక్క చూచుకొను రైతు ఇట్లడుగుటలో తప్పు లేదు. దీనికి "ప్రభుత్వము నిషేధించినది కనుక" అని మాత్రమే జవాబు చెప్పిన చాలదు. ఎందుకు నిషేధించినదో తెలిసినప్పుడే రైతు దానిని మనస్ఫూర్తిగా పాటింపగలడు.

ఇక్కడ మందు అనగా కొలిస్టిన్. పశువులకు, కోళ్లకు, చేపలకు, రొయ్యలకు వాడుటకుగాను దీనిని తయారు చేయుట, అమ్ముట, పంచిపెట్టుట 2019 జూలై నెలలో భారత ప్రభుత్వము నిషేధించినది. దాణాలో కలుపు పొడులకు కూడ ఈ నిషేధము వర్తించును. కొలిస్టిన్ ఒక పెప్టైడు. బాక్టీరియా ఒంటిమీది పొరను చెరచి దానిని చంపును. ఈ పని ఎట్లు జరుగునో ఒకమారు తెలిసికొన్నచో పై ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరకును.

పెప్టైడు అనగా నేమి?

పాలలో, గ్రుడ్డులో, పప్పులలో ఉండు మాంసకృత్తులు ఎమినో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన హారముల వంటివి. వందలకొలది పూసలున్న పొడవైన హారము మాంసకృత్తు. కొద్ది పూసలతో ముగియు పొట్టి హారము పెప్టైడు. సూక్ష్మజీవులను చంపు పెప్టైడులలో సాధారణముగా 10 నుండి 50 వరకు పూసలుండును.

ఇట్టి పెప్టైడులు ప్రకృతిలో అంతటను కలవు. ఆవు గొంతులోని పొరలోను, తెల్ల రక్తకణములలోను ఇవి తయారగుచుండును. కోడిలో డిఫెన్సినులను జాతికి చెందినవి 14 రకములు గుర్తింపబడినవి. మన కోస్తా చెరువులలో పెంచు వనామి రొయ్య రక్తకణములలో పెనైడినులను పెప్టైడులను 1997లో కనుగొనిరి. ముండ్లకంచె గీచుకొని ఆవు చర్మము చీరుకుపోయినప్పుడు, ఆ గాయము పేడలోను బురదలోను తడిసినను, చాల సార్లు మందు లేకయే మానుచుండుట మనము చూచుచున్నదే. శరీరమునకు గల అనేక రక్షణలలో ఈ పెప్టైడులు ఒకటి.

ఎట్లు కనుగొనిరి?

పురుగుల రక్తములో మనకున్నట్టి ప్రతిరక్షకములు లేవు. అయినను అవి రోగములను తట్టుకొనుచున్నవి. దీనికి కారణమేమని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు హాన్స్ బోమన్ ఆలోచించెను. మన దసలిపట్టు పురుగు కుటుంబమునకే చెందిన సెక్రోపియా అను అమెరికా పట్టుపురుగు ప్యూపాలకు సూదితో బాక్టీరియాను ఎక్కించి చూడగా, వాటి రక్తమునకు బాక్టీరియాను చంపు శక్తి కలిగినది. ఆ శక్తిగల పెప్టైడులను వేరుచేసి, 1981లో వాటి నిర్మాణమును ప్రకటించిరి. వాటికి సెక్రోపినులని పేరు.

1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అను వైద్యుడు మరియొక సంగతి గమనించెను. ఆఫ్రికా దేశపు కప్పలకు శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, శుభ్రము కాని తొట్టి నీటిలోనే తిరిగి విడువగా గాయములు చీము పట్టక మానిపోవుచుండెను. కప్ప చర్మములో 23 ఎమినో ఆమ్లములు గల పెప్టైడులున్నట్లు తేలినది. వాటికి మగైనినులని పేరు పెట్టిరి.

బాక్టీరియా కూడ తమలో తాము పోరాడుకొనుటకు ఇట్టివాటిని తయారుచేసికొనును. పాలలో పెరుగు ఒక జాతి బాక్టీరియా చేయు నైసిన్ అను పెప్టైడును జున్ను మున్నగు ఆహారములు చెడకుండుటకు అనేక దేశములలో వాడుచున్నారు. కొలిస్టిన్ నేలలోని ఒక బాక్టీరియా తయారుచేయునది. జపాను దేశములో 1940వ దశకపు చివరి సంవత్సరములలో దీనిని కనుగొనిరి.

శత్రువును ఎట్లు గుర్తించును?

ఒకే చోట ఆవు కణము, బాక్టీరియా కణము ప్రక్కప్రక్కన ఉన్నవనుకొనుడు. పెప్టైడు బాక్టీరియాను చంపి ఆవు కణమును ఎట్లు విడిచిపెట్టుచున్నది? దానికి కండ్లు లేవు గదా! ఈ సంగతి మన నేలలను ఎరిగిన రైతునకు సులభముగా బోధపడగలదు.

నల్లరేగడి నేలలోని బంకమన్ను రేణువులపై ఋణ విద్యుత్తు ఉండును. ఎరువులోని అమ్మోనియా, పొటాషు ధన విద్యుత్తు కలవి. కనుక బంకమన్ను వాటిని పట్టి ఉంచును. నైట్రేటు ఋణ విద్యుత్తు కలది. అందుచే అది రేణువులకు అంటక నీటితో క్రిందికి దిగిపోవును. వ్యతిరేకములు ఆకర్షించుకొనును, సమానములు తొలగిపోవును. బాక్టీరియా పొరమీద జరుగునదియు ఇదే.

బాక్టీరియా పొరలో ఋణ విద్యుత్తు గల కొవ్వులు అధికము. ఆవు, కోడి, మనిషి కణముల పొర వెలుపలి వైపున విద్యుత్తు విషయమున తటస్థమైన కొవ్వులే ఎక్కువగా నుండును. పైగా వాటిలో కొలెస్టరాలు ఉండి పొరను గట్టిపరచుచుండును. బాక్టీరియాకు సాధారణముగా కొలెస్టరాలు లేదు. ఇక పెప్టైడులు చాలవరకు ధన విద్యుత్తు కలవి. అందుచే అవి బంకమన్నును అమ్మోనియా అంటుకొన్నట్లు బాక్టీరియాను అంటుకొనును, మన కణములను చాలవరకు విడిచిపెట్టును.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

ఒక వంతు ఎండిన నల్లరేగడి మన్ను పొడిని రెండు వంతుల కడిగిన ఇసుకతో కలుపవలెను. ఇసుక లేనిదే రేగడి ఉబ్బి నీరు దిగదు. రెండు గరాటుల అడుగున గుడ్డపీలిక అమర్చి, ఈ మిశ్రమమును సమానముగా నింపవలెను. మొదటి గరాటులో మెథిలీన్ బ్లూ అను నీలిరంగు వేసిన పలుచని నీరు పోయవలెను. పాల కేంద్రములలోను, బడి ప్రయోగశాలలలోను ఈ రంగు ఉండును. రెండవ గరాటులో ఇయోసిన్ అను ఎర్రరంగు నీరు పోయవలెను. ఎర్రనీరు ఎర్రగానే దిగును. నీలినీరు మాత్రము రంగు విడిచి దిగును. మెథిలీన్ బ్లూ ధన విద్యుత్తు గల రంగు, ఇయోసిన్ ఋణ విద్యుత్తు గల రంగు అగుటయే దీనికి కారణము. యువక రైతు సంఘములలోను, బడులలోను ఈ పరీక్షను చేసి చూపవచ్చును.

పొరను ఎట్లు చెరచును?

బాక్టీరియా పొర మందము మిల్లీమీటరులో సుమారు 2,00,000వ వంతు. అట్టి పొరలు 20,000 ఒకదానిపై నొకటి పేర్చిన ఒక కాగితము మందమగును. ఇంత పలుచని పొరయే బాక్టీరియాకు ఇంటిగోడ, గాదె తలుపు, పొయ్యి కూడ. పొటాషియము మున్నగు లవణములను లోపల నిలుపునది, శక్తిని పుట్టించునది ఈ పొరయే. దానికి చిల్లి పడినచో బాక్టీరియా నిముషములలో చావవచ్చును.

పెప్టైడు పొరను అంటిన పిమ్మట జరుగు పనికి దాని ఆకారము తోడ్పడును. నీటిలో వదులుగా నుండు హారము పొరను తాకగానే పలు పెప్టైడులలో త్రాడు వలె మెలిపడును. మెలిపడిన త్రాడునకు ఒక ప్రక్క నీటిని కోరు పూసలు, రెండవ ప్రక్క నూనెను కోరు పూసలు వచ్చును. సబ్బునకు ఒక కొన మురికిలోని జిడ్డును, మరియొక కొన నీటిని పట్టునట్లు, ఈ పెప్టైడు ఒక ప్రక్కతో కొవ్వులోనికి దిగును.

ఆపైన పొర పాడగుటకు మూడు విధములు చెప్పుచున్నారు.

1. పీపా పద్ధతి: పెప్టైడులు పీపా పలకల వలె వలయముగా నిలిచి నడుమ రంధ్రము చేయును.

2. వంపు పద్ధతి: పెప్టైడులతోపాటు పొరలోని కొవ్వు కూడ లోపలికి వంగి, రెండును కలిసి రంధ్రమునకు అంచగును. మగైనినులు ఈ విధముగా పనిచేయును.

3. చాప పద్ధతి: పెప్టైడులు పొరమీద చాప పరచినట్లు క్రమ్ముకొని, తగినంత చేరగానే పొరను ముక్కలు చేయును.

అన్ని పెప్టైడులును ఈ మూడింటిలో ఒకదానినే పాటించునని అనుకొనరాదు. నైసిన్ గోడకట్టుటకు బాక్టీరియా సిద్ధపరచుకొన్న ఒక ముడిసరుకును పట్టుకొని, దాని ఆధారముతో రంధ్రము చేయును. కొన్ని పెప్టైడులు పొరను దాటిపోయి లోపలి పనులను ఆపును.

కొలిస్టిన్ పని కారుచౌడును పోలినది. కోళ్లలో పారుడు కలిగించు ఈ. కోలై వంటి బాక్టీరియాకు లోపలి పొర గాక వెలుపల మరియొక పొర ఉండును. ఈ వెలుపలి పొరలోని అణువులు ఋణ విద్యుత్తు కలవి గనుక ఒకదానినొకటి త్రోసుకొనవలసినవే. కాని నడుమ కాల్షియము, మెగ్నీషియము చేరి వాటిని కలిపి ఉంచుచున్నవి. మంచి నేలలో బంకమన్ను రేణువులను కాల్షియమే కదా కూర్చి ఉంచునది. సోడియము వచ్చి కాల్షియమును తొలగించినప్పుడు నేల కట్టుబాటు చెడి కారుచౌడగును. అట్లే, అయిదు ధన విద్యుత్తులు గల కొలిస్టిన్ వచ్చి కాల్షియమును, మెగ్నీషియమును తొలగించి వెలుపలి పొర కట్టుబాటును విప్పివేయును. పిమ్మట తన కొవ్వు తోకతో లోనికి దిగి బాక్టీరియాను చంపును.

పరిశోధన ఎట్లు చేయుదురు?

మొదటి పరీక్ష గాజు గొట్టములతో చేయుదురు. వరుసగా గొట్టములలో బాక్టీరియా పెరుగు ద్రవము పోసి, మందును ఒకదానికంటె మరియొకదానిలో సగము వంతున తగ్గించుచు పోయుదురు. అన్నిటిలో సమముగా బాక్టీరియాను వేసి ఒక రాత్రి వెచ్చగా ఉంతురు. మరునాడు ఏ గొట్టము వరకు ద్రవము తేటగా నిలిచినదో చూచి, పెరుగుదలను ఆపు కనీస మోతాదును నిర్ణయింతురు. వ్యాధినిర్ణయ కేంద్రములలో మందు బిళ్లలను పళ్లెములో ఉంచి చేయు పరీక్ష కొలిస్టిన్ విషయమున నమ్మదగినది కాదు. ఈ మందు పళ్లెములోని జెల్లీలో సరిగా వ్యాపింపదు. కనుక దీనికి గొట్టముల పరీక్షయే చేయవలెను.

రెండవ పరీక్షలో, కొవ్వుతో చేసిన సన్నని బుడగలలో వెలుగునిచ్చు రంగును నింపి పెప్టైడును కలుపుదురు. పొరకు చిల్లి పడినచో రంగు బయటికి వచ్చును. ఋణ విద్యుత్తు గల కొవ్వుతో ఒక రకము, తటస్థమైన కొవ్వుతో మరియొక రకము బుడగలు చేసి పోల్చి చూతురు.

మూడవది ఎర్ర రక్తకణముల పరీక్ష. బాక్టీరియాను చంపు పెప్టైడు రక్తకణమును కూడ పగులగొట్టినచో అది మందుగా పనికిరాదు. తేనెటీగ విషములోని మెలిటిన్ అట్టిది.

నాలుగవది చక్కని యుక్తి. ప్రకృతిలోని పెప్టైడులు దాదాపు ఎడమవాటపు పూసలతో కూడినవి. 1990లో అమెరికాలో మెరిఫీల్డు, స్వీడన్‌లో బోమన్, వారి సహచరులు కలిసి సెక్రోపిను, మగైనిను, మెలిటిన్ మున్నగువానిని పూర్తిగా కుడివాటపు పూసలతో తయారుచేసిరి. బాక్టీరియాపై తాళమునకు తాళపుచెవి వంటి ప్రత్యేకమైన స్థానము ఏదైన ఉన్నచో, కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్లు, ఇవి పనిచేయరాదు. కాని అవి మునుపటివలెనే బాక్టీరియాను చంపినవి. అనగా ఈ పెప్టైడుల గురి ఏదో ఒక తాళము కాదు, పొరయే.

ఈ పరిశోధనలో హైదరాబాదునకు కూడ స్థానమున్నది. ఎద్దు వీర్యద్రవములో బాక్టీరియాను చంపు సెమినల్‌ప్లాస్మిన్ అను మాంసకృత్తు ఉన్నదని డాక్టరు పి. యం. భార్గవ, ఆయన సహచరుడు 1979లో ప్రకటించిరి. దానిలో 47 ఎమినో ఆమ్లములు కలవు. అందులో 13 మాత్రమే గల ఒక ముక్క కూడ బాక్టీరియాను చంపగలదని హైదరాబాదులోని సి. సి. యం. బి. శాస్త్రజ్ఞులు నాగరాజ్, సీతారాం 1990లో చూపిరి. అయితే ఆ ముక్క ఎర్ర రక్తకణములను కూడ పగులగొట్టినది. చంపు శక్తి ఒకటి, మందగు యోగ్యత మరియొకటి అనుటకు ఇది మంచి నిదర్శనము.

బాక్టీరియా ఎదురు తిరిగిన విధము

కొలిస్టిన్ మూత్రపిండములకు చెరుపు చేయుననుటచే 1970 తరువాత వైద్యులు మనుష్యులకు దాని వాడుక తగ్గించిరి. పిమ్మట ఇతర మందులకు లొంగని బాక్టీరియా ఆసుపత్రులలో పెచ్చు పెరుగుటచే, మరియొక దారి లేక తిరిగి దీనినే చేపట్టిరి. ఈనాడు ఇది ఆఖరి మందులలో నొకటి. ఇట్టి మందును పశువులకు, కోళ్లకు పెరుగుదల కొరకు కొద్ది కొద్దిగా దాణాలో కలుపు వాడుక పలు దేశములలో సాగినది.

2015 నవంబరులో చైనా నుండి వచ్చిన వార్త లోకమును ఉలికిపడజేసినది. పందులలోను, మాంసములోను, రోగులలోను కొలిస్టిన్‌కు లొంగని ఈ. కోలై కనబడినది. దానిలో ఎం.సి.ఆర్.-1 అను కొత్త జన్యువు ఉన్నది. ఆ జన్యువు చేయు పని ఒక్కటే. వెలుపలి పొరలోని ఋణ విద్యుత్తు గల చోట్లకు ఒక చిన్న అణువును అతికించి ఆ విద్యుత్తును తగ్గించును. ఋణ విద్యుత్తు తగ్గిన మన్ను అమ్మోనియాను నిలుపలేనట్లు, ఈ బాక్టీరియాను కొలిస్టిన్ అంటుకొనలేదు. అంటుకొననిదే చంపలేదు.

అంతకంటె ఆందోళనకరమైన సంగతి మరియొకటి. ఈ జన్యువు బాక్టీరియాలోని ఒక చిన్న వలయము మీద ఉన్నది. ఈ వలయము ఒక బాక్టీరియా నుండి మరియొకదానికి, ఒక జాతి నుండి మరియొక జాతికి కూడ చేతులు మారును. ఊరిలో మంచి విత్తనము ఒక ఇంటినుండి మరియొక ఇంటికి చేబదులుగా పోవునట్లు ఇది పోవుచుండును. మన దేశములో కూడ ఈ జన్యువు తరువాత కనబడినది.

దాణాలో కొద్దిపాటి మందు నిత్యము కలుపుట దీనికి ఎరువు వేసినట్లగును. లొంగు బాక్టీరియా చచ్చును, లొంగనిది మిగిలి పెరుగును. అది రెట్టలో చేరును, లిట్టరు ఎరువుతో పొలమునకు పోవును, నీటిలో కలియును, పనివాని చేతితో ఇల్లు చేరును. ఆ ఇంటిలో పసిబిడ్డకు రక్తదోషము కలిగి, ఇతర మందులు పనిచేయక, వైద్యుడు ఆఖరి మందు చేతబట్టినప్పుడు అదియు పనిచేయకపోవచ్చును. "ఊరికి నష్టమేమి" అను ప్రశ్నకు జవాబు ఇదే.

నిరాశపడవలసిన పని లేదు. పెరుగుదల కొరకు దాణాలో కొలిస్టిన్ కలుపుటను చైనా 2017లో మాన్పించినది. ఆ తరువాత జరిపిన పరిశీలనలలో ఈ జన్యువు గల బాక్టీరియా పందులలోను, మనుష్యులలోను గణనీయముగా తగ్గినట్లు తేలినది. ఎరువు మానినచో కలుపు తగ్గును.

పెంపకందారులు చేయవలసినవి

1. దాణా, ప్రీమిక్సు సంచుల చీటీ చదువవలెను. కొలిస్టిన్ లేక కొలిస్టిన్ సల్ఫేటు అని ఉన్నచో కొనరాదు. చీటీ లేని పొడులను అసలే కొనరాదు.

2. పెరుగుదల కొరకు ఏ ఆంటిబయాటిక్‌ను వాడరాదు. జబ్బు వచ్చినప్పుడు పశువైద్యుని సలహాపై, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను.

3. మందు వాడిన పిమ్మట గడువు దాటనిదే గ్రుడ్లు, మాంసము అమ్మరాదు. మందు చీటీపై గడువు ఉండవలెనని 2012లో నిబంధన వచ్చినది. ప్రత్యేకముగా నిర్ణయింపబడనిచో గ్రుడ్లకు, పాలకు 7 దినములు, మాంసమునకు 28 దినములు తక్కువ కాకుండ ఆగవలెను. చేపలకు 500 డిగ్రీ దినములు. అనగా నీటి వేడి 25 డిగ్రీలున్నచో 20 దినములు.

4. లిట్టరును పొడిగా ఉంచి తరచు తిరగవేయవలెను. గుప్పెడు తీసి పిండినచో ముద్ద కట్టరాదు.

5. త్రాగునీటిని పరీక్ష చేయించి క్లోరిను కలుపవలెను, గొట్టములను కడుగవలెను. నీటితో టీకా వేయు దినమున మాత్రము క్లోరిను కలిపిన నీరు వాడరాదు. అది టీకాలోని సజీవ క్రిములను చంపును.

6. టీకాలు వేళకు వేయించవలెను. ఒక షెడ్డులో ఒకే వయసు కోళ్లను పెంచి, అన్నియు అమ్మిన పిమ్మట శుభ్రపరచి కొంతకాలము ఖాళీగా ఉంచవలెను.

7. చచ్చిన కోళ్లను కాలువలో పారవేయక వ్యాధినిర్ణయ కేంద్రమునకు చూపి, పిమ్మట లోతుగా పూడ్చవలెను.

8. లిట్టరును పచ్చిగా పొలమునకు తోలక, కుప్పవేసి బాగుగా వేడెక్కి మగ్గిన పిమ్మటనే వాడవలెను. షెడ్డు నుండి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుగుకొననిదే బిడ్డలను ఎత్తుకొనరాదు.

మందు మానినచో కోళ్లు తూకము తగ్గునేమో అని కొందరు భయపడుదురు. మంచి నీరు, పొడి లిట్టరు, వేళకు టీకా ఉన్న షెడ్డులో ఆ భయమునకు అంతగా కారణము లేదు. మురికి షెడ్డు లోపమును దాణాలోని మందుతో కప్పిపుచ్చుట, కారుచౌడులో జిప్సము వేయక అధికముగా విత్తనము చల్లుట వంటిది. లోపమును సరిచేసికొనుటయే లాభము.

కోడికి, రొయ్యకు, ఆవుకు ప్రకృతి తన పెప్టైడులను తానే ఇచ్చినది. వాటికి పని తగ్గునట్లు పరిశుభ్రతను పాటించుట మన వంతు. ఆఖరి మందును ఆఖరి అవసరమునకే మిగిల్చి, తమ ఇంటిని, ఊరిని కాపాడుకొనవలెనని పెంపకందారులను కోరుచున్నాము.